మహారాజశ్రీ ఎమ్మారై మిషను గారికి

ఒక పేషెంటు బావమరిది నమస్కరించి రాయునది.

మూడు వారాలుగా మా బావకి జ్వరం, తలనొప్పి. సైటన్నారొకరు, గ్యాసన్నారొకరు. అక్క దిష్టి తీసింది. నాలుగో వారం కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అనేసరికి తమరి దర్శనానికి పరిగెత్తాం.

తమరి మడి మామూలుది కాదు. ఉంగరం, వాచీ సరే, మొలతాడుకున్న తాయెత్తు కూడా విప్పించారు. తమరి అయస్కాంత బలం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. తాయెత్తెంత! అరగంట పైగా టకటక, గర్రుగర్రు. మధ్యలో చేతికి గడోలినియం ఇంజక్షను. అది ఎక్కితే గానీ మెదడు పొరల వాపు తమరి కంటికి సరిగా ఆనదట.

చూశారు, కాదనను. మెదడు అడుగున పొరలు తెల్లగా మెరుస్తున్నాయి, లోపలి గదుల్లో నీరు చేరింది, ఉంగరంలాంటి గడ్డ ఒకటుంది. ఇంత చూసి చివర్లో రాయించిందేమిటి? "టీబీ వైపు మొగ్గు. ఫంగస్, బద్దెపురుగు, కేన్సర్ తోసిపుచ్చలేం. క్లినికల్‌గా సరిపోల్చుకోగలరు." సంబంధం గురించి వాకబు చేస్తే మా పెదనాన్న చెప్పే జవాబు అచ్చం ఇలాగే ఉంటుంది. పంది మాంసం ముట్టని ఇంట్లో బద్దెపురుగేమిటని అక్క కేకలు. ముట్టక్కర్లేదట, సరిగా కడగని కూరగాయల మీద దాని గుడ్లున్నా చాలట!

తేల్చింది వెన్నులో సూది. తమరికి అడిగినంతా కట్టేసిన మేమే, దానికి "నడుం పడిపోతుంది" అని సంతకం పెట్టకుండా ఒక పగలంతా నానబెట్టాం. తీసింది చెంచాడు నీళ్లు. చక్కెర తగ్గింది, ప్రోటీన్ పెరిగింది, టీబీ క్రిమి జన్యువుల్ని వెతికే పరీక్ష సీబీనాట్‌లో క్రిమి దొరికింది. ఒక్కోసారి అందులోనూ దొరకదట, అంతమాత్రాన టీబీ లేనట్టు కాదట. సూది గుచ్చితే ప్రమాదం లేదని ముందు చూసిపెట్టిన పుణ్యం మాత్రం తమరిదే.

ఏడాది మందులు, మొదట్లో స్టెరాయిడ్లు. మూడో నెలకి బావ కూతురి చెయ్యి పట్టుకుని బడికి నడిపిస్తున్నాడు. తమరేమో గడ్డ పెరిగిందన్నారు! మందు పనిచేస్తున్నా ఒక్కోసారి అలా పెరిగి తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. అక్క వింటేనా? ఆ ఫిల్ము ట్యూబులైటుకి అడ్డం పెట్టి రాత్రంతా చూస్తూ కూర్చుంది. పక్క గదిలో బావ గురక.

ఆరో నెలలో మళ్లీ వస్తున్నాం. ఈసారి తాయెత్తు ఇంట్లోనే విప్పి వస్తాడు.