ఆటిజం: తల్లి మీద నింద ఇంకెన్నాళ్లు?

మాటలోనూ నలుగురితో కలిసే తీరులోనూ తేడాగా కనిపించే ఆటిజాన్ని ఒకప్పుడు దిష్టి అనో గ్రహదోషమనో తాయెత్తు కట్టించి ఊరుకున్న ఇళ్లలోనే ఇప్పుడు థెరపీ, స్పెక్ట్రం (ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉండే ఆటిజం) అనే మాటలు వినిపిస్తున్నాయి. బిడ్డకు మాటలు రాకపోతే చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దాకా వెళ్లి చూపిస్తున్నారు. ఇది నిజమైన మార్పే. ఒక్కటి మాత్రం మారలేదు. కారణం ఎవరని అడిగితే చూపులన్నీ తల్లి వైపే తిరుగుతాయి. "చేతికి ఫోనిచ్చి కూర్చోబెట్టింది, అందుకే ఇలా అయ్యాడు" అని బంధువులు అంటారు. చదువుకున్నవాళ్లు అదే మాట మరింత ధీమాగా అంటారు.

ఈ నింద పాతదే. 1943లో మానసిక వైద్యుడు లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లలను వివరిస్తూ ఆటిజాన్ని వైద్యలోకం ముందుంచారు. తల్లి ప్రేమ కరవైనందువల్లే బిడ్డ తనలోకి ముడుచుకుపోతాడన్న వాదం ఆ తర్వాత బలపడింది. 1960లలో, అమెరికాలో పిల్లల చికిత్సా పాఠశాల నడిపిన బ్రూనో బెటిల్‌హైమ్ దానికి విపరీతమైన ప్రచారం కల్పించారు. చేయని తప్పుకు ఎందరో తల్లులు కుమిలిపోయారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో దాన్ని ఎదిరించారు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే పరిశోధకులు కవలలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. పెంపకమే కారణమైతే, ఒకే ఇంట్లో పెరిగే ఈ రెండు రకాల కవలల మధ్య ఇంత తేడా ఎందుకుంటుంది?

రెండేళ్లలోపు పిల్లలకు ఫోను వద్దన్నది మంచి సలహానే. తెర ముందు గడిచే గంటలు ఇంట్లో వాళ్లతో మాట్లాడే సమయాన్ని తినేస్తాయి. అంతమాత్రాన ఆటిజం ఫోనులోంచి పుట్టిందనడం సరికాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసింది వేలితో చూపించకపోవడం చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరకే కనిపిస్తాయి. క్షణం కుదురుగా ఉండని బిడ్డ తెర ముందే నిలకడగా కూర్చుంటే, ఆ తల్లికి నాలుగు ముద్దలు తినే వ్యవధి అప్పుడే దొరుకుతుంది. ఫోను ఎందుకు ఇచ్చిందో అడగకుండానే తీర్పు చెప్పేస్తున్నాం.

మెదళ్లు రకరకాలుగా ఉండటం మనిషి సహజ వైవిధ్యంలో భాగమేనన్న ఆలోచన 1990లలో ఆటిజం ఉన్నవారి మధ్య నుంచే బలంగా వచ్చింది. దానర్థం సాయం అక్కర్లేదని కాదు. కొందరికి జీవితాంతం తోడు కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది అందుకే. కానీ నిందకు భయపడిన కుటుంబం వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికే రాదు. బిడ్డను పెళ్లిళ్లకు, గంగమ్మ జాతరకు తీసుకెళ్లడం మానేస్తుంది. తిరుమల క్యూలో చెవులు మూసుకుని ఏడుస్తున్న పిల్లవాడి తల్లికి "అదుపులో పెట్టుకోలేవా" అన్న మాట పడితే ఆమె మళ్లీ గడప దాటడానికే జంకుతుంది.

అందుకే మన క్లినిక్కుల్లో మొదటి ప్రశ్న మారాలని నా పట్టు. ఫోను ఎంతసేపు చూస్తాడని కాకుండా, మీకు తేడా మొదట ఎప్పుడు అనిపించిందని తల్లిని అడగాలి. చాలా ఇళ్లలో దాన్ని ముందుగా పసిగట్టేది ఆమే.