సాయం కాస్త వెలుతురు వైపు తిరిగి చేయండి

శరణార్థులకూ, వలస వచ్చినవాళ్లకూ అండగా నిలిచే సంఘ పెద్దలతో ఓ పెద్ద చిక్కుంది. ఫోటోకి పనికొచ్చే పని ఒక్కటీ చేయరు. పొద్దస్తమానం దరఖాస్తులు నింపుతుంటారు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఏదో ఆఫీసువాళ్లు వినిపించే సంగీతం అరగంట వింటారు. ఇందులో కరుణ ఎక్కడ కనబడుతుంది? లెన్స్ ఎంత ఖరీదైనదైతే మాత్రం ‘దయచేసి లైన్‌లో వేచి ఉండండి’ని ఫోటో తీయగలదా?

అందుకే ఫోటోగ్రాఫరే చొరవ తీసుకోవాలి. ముందు ఆ సంఘ పెద్దావిడ చేత ఫోన్ పెట్టించేయాలి. (మళ్లీ చేస్తే క్యూలో చిట్టచివరికి పోతారట. అది మన శాఖ కాదు.) కుర్చీ కిటికీ దగ్గరికి జరిపించి, ఒళ్లో ఓ పసిపిల్లను కూర్చోబెట్టాలి. పిల్ల ఏడిస్తే మరీ మంచిది.

వెనకాల నిలబడేవాళ్లతో ఓపిక అవసరం. కొందరు మొహం తిప్పేసుకుంటారు. ఈ ఫోటో ఎవరి కంటనైనా పడితే సొంతూళ్లో ఉండిపోయిన అమ్మానాన్నలకు ముప్పని వాళ్ల బెంగ. బెంగ న్యాయమైనదే, కానీ ఫ్రేమ్ కుడివైపు బోసిపోతోందే! పేర్లు మాత్రం అడగనక్కర్లేదు. దానికి ఘనమైన సంప్రదాయమే ఉంది. 1984లో పాకిస్తాన్‌లోని ఓ శరణార్థి శిబిరంలో ఫోటో తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి, మరుసటేడు నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమై లోకమంతా తిరిగింది. ఆమె పేరు షర్బత్ గులా అని లోకానికి తెలిసింది 2002లో. అప్పటిదాకా ముఖచిత్రానికొచ్చిన లోటేమిటి?

ఆవిడ బల్లమీది కాగితాలూ ఓసారి చూడండి. వరసగా నలుగురి పుట్టినరోజు జనవరి 1! పుట్టిన తేదీకి రుజువు లేనివాళ్లకి చాలాచోట్ల అధికారులు ఆ తేదీయే రాసేస్తారని ఆవిడ చెప్పబోతుంది. వినకండి. అందరికీ కలిపి ఒకే కేక్, ఒకే ఫోటో.

ముహూర్తం ఎలాగూ జూన్ 20, ప్రపంచ శరణార్థుల దినం. ఆ రోజు ఆవిడ గుమ్మంలో కెమెరాలకే క్యూ. మర్నాడు ఎవరూ రారు. ఉత్తరార్ధగోళంలో ఏడాదిలోకెల్లా ఎక్కువసేపు వెలుతురుండేది ఆ రోజుల్లోనే, అయినా రారు.

ఇంత కళ జరుగుతుంటే వరసలోంచి ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: “బాబూ, ఆ గోడ ముందు నాకో పాస్‌పోర్ట్ సైజు ఫోటో తీసిపెడతావా? దరఖాస్తుకి అంటించాలి.” నవ్వకూడదట. నీడ పడకూడదట. వెనకాల ఎవరూ ఉండకూడదట, ఆఖరికి ఆవిడ కూడా! అలాంటి పనులకు స్టూడియోలు వేరే ఉంటాయని మర్యాదగా, కాస్త గట్టిగానే చెప్పి పంపించండి.