పిల్లల పుస్తకాల్లో ఎలుకలు ఉండకూడదు

పిల్లలకు నిజం అరగదని పెద్దవాళ్లం ఎప్పుడో తేల్చేశాం. అయినా ఈ మధ్య కొందరు రచయితలు మాట వినడం లేదు, చారిత్రక సాహస కథల్లో చరిత్రనీ, సైన్సు పుస్తకాల్లో సైన్సునీ కలిపేస్తున్నారు.

మెజెల్లాన్‌నే తీసుకోండి. ప్రపంచాన్ని చుట్టి వచ్చిన వీరుడు, అట్ట మీద గడ్డం, కత్తి, వెనక ఎగిరే తెరచాప, ఇంతకన్నా ఏం కావాలి? కానీ వీళ్లకి తృప్తి ఉండదు. ఆయన 1521లోనే ఫిలిప్పీన్స్‌లో ఓ ద్వీపం దగ్గర జరిగిన పోరులో చచ్చిపోయాడనీ, 1519లో దాదాపు 270 మందితో బయల్దేరిన అయిదు ఓడల్లో విక్టోరియా ఒక్కటే 1522లో స్పెయిన్ చేరిందనీ, అందులో ఉన్నది 18 మందేననీ రాస్తారు. సరే, అక్కడితో ఆపొచ్చు కదా. ఆపరు. ఆ ఓడలో ఉన్న పిగాఫెట్టా రాసి పెట్టాడు కాబట్టి, పసిఫిక్‌లో తిండి అయిపోయాక పురుగులు పట్టి ఎలుక ఉచ్చ కంపు కొట్టే బిస్కెట్ పొడి తిన్నారని, తెరచాప కొయ్యకు చుట్టిన ఎద్దు తోలుని నాలుగైదు రోజులు సముద్రపు నీళ్లలో నానబెట్టి నిప్పుల మీద కాల్చుకున్నారని, ఒక్కో ఎలుక అర డకట్ (అప్పటి బంగారు నాణెం) పలికిందని, అదీ దొరకలేదని చెబుతారు. ఇది చదివిన పిల్లలు ఏం చేస్తారు? పుస్తకం కింద పెట్టరు. అసలు టెన్షన్ అదే.

చిగుళ్లు వాచి చచ్చిన నావికుల సంగతి ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది సాహస కథల అరలోంచి సైన్సు అరలోకి దూకుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు ఆ చిగుళ్ల జబ్బే, అంటే స్కర్వీ, పట్టిన 12 మందిని జంటలుగా విడగొట్టి, ఒక జంటకి వెనిగర్, ఒక జంటకి సముద్రపు నీళ్లు, అలా జంటకొకటి ఇస్తే, నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరే అందరికన్నా బాగా కోలుకున్నారు, వాళ్లలో ఒకడు ఆరు రోజులకే పనికి లేచాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. బ్రిటిష్ నౌకాదళం ఓడల్లో నిమ్మరసం పోయడం మొదలుపెట్టింది 1795లో. మధ్యలో 48 ఏళ్లు పెద్దవాళ్లు ఏం చేశారని ఏ పిల్లో అడిగితే జవాబు ఎవరు చెప్పాలి?

అందుకే యాపిల్ పండే మేలు. అది న్యూటన్ తల మీద పడాలి, పేజీ తిప్పగానే గురుత్వాకర్షణ రావాలి. పండు పడటం చూసి ఆలోచనలో పడ్డానని 1726లో, ముసలితనంలో, స్నేహితుడు స్టూక్లీకి ఆయన చెప్పినదాంట్లో తల ప్రస్తావనే లేదన్న వివరం ఎవరికి కావాలి? కుర్రతనంలో వచ్చిన ఆ ఆలోచన అచ్చులోకి వచ్చేసరికి 1687 అయింది, అంటే దాదాపు ఇరవై ఏళ్లు లెక్కలతో కుస్తీ. అన్నేళ్లు బొమ్మ ఎలా గీస్తారు?

సౌర కుటుంబం బొమ్మ కూడా ముట్టుకోకండి. సూర్యుణ్ణి మీటరు బంతి అనుకుంటే భూమి 9 మిల్లీమీటర్ల పూస, అదీ 107 మీటర్ల అవతల, నెప్ట్యూన్ అయితే మూడు కిలోమీటర్లు దాటాక. అన్ని గ్రహాలూ ఒకే పేజీలో ఒద్దికగా కూర్చుంటేనే అచ్చుకి వీలు.

ఇక ఎప్పుడూ ఉండే ఆ డైనోసార్ల బొమ్మ, స్టెగోసారస్‌తో టైరనోసారస్ కొట్లాట, పక్కన ఈటె పట్టుకుని గుహమనిషి. మనిషిని తీసేయమని కొందరు పట్టుబడుతున్నారు. స్టెగోసారస్‌లు సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటివి, టైరనోసారస్ 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించింది, కాబట్టి కాలం లెక్కన టైరనోసారస్‌కి దగ్గరి చుట్టం మనిషే. ఎవరినో ఒకరిని తీసేయక తప్పదంటే ముందు స్టెగోసారస్‌ని పంపించండి.