బొట్టు తీసెయ్యండి, కులం ఉంచుకోండి

మా నల్లగొండ జిల్లాలో ఒక పెద్ద సమస్య ఎంతకూ తేలట్లేదు. మూసీ శుద్ధి సంగతి కాదు, అది ఎట్లాగూ తేలదు. యేసును నమ్ముకున్న ఆడామె బొట్టు పెట్టుకోవచ్చా, జడలో పూలు పెట్టుకోవచ్చా, సద్దుల నాడు బతుకమ్మ ఆడొచ్చా అన్నదే సమస్య. దీని మీద చాలా సీరియస్‌గా ఆలోచించి, వదిలేయాల్సిందే అన్న పక్షంలో చేరాను. కాకపోతే వదిలితే పూర్తిగా వదలాలి. నులివెచ్చగా ఉన్నవాణ్ణి ఉమ్మేస్తానని ప్రకటన గ్రంథంలోనే ఉంది.

మొన్న మే నెలలో దేవరకొండ రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో ఒక పెండ్లికి వెళ్లాను. బయట నిప్పులు కురుస్తున్నాయి. పెండ్లికొడుకు మూడు ముక్కల సూట్‌లో ఉన్నాడు, కిరాయిది, భుజాల దగ్గర వదులు, టై ముడి కింద చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, మేనమామ పక్కనే నిలబడి వాక్యం నడుస్తున్నంతసేపూ పెండ్లిపత్రికతో విసురుతూనే ఉన్నాడు. పెండ్లికూతురికి తెల్ల చీర. ఎర్ర చీర, పసుపు కొమ్ము అన్యాచారమట. మరి తెలుపు ఎక్కడిదయ్యా అంటే, 1840లో విక్టోరియా రాణి తన పెండ్లికి తెల్ల గౌను వేసుకున్నాక దొరల ఇళ్లలో బాగా పాకిన ఫ్యాషన్. మా నానమ్మ చేస్తే విగ్రహారాధన, వాళ్ల రాణి చేస్తే భక్తి. అన్నట్టు ఆ పెండ్లి సరిగ్గా పదిన్నరకే ఎందుకు పెట్టారో తెలుసా? తర్వాత వర్జ్యం ఉంది. ఆ సంగతి పిల్ల తాతకు, పంతులుకు, దేవుడికే తెలుసు. ఏ దేవుడికని అడగొద్దు.

ఇంతకీ మనది వదిలేసి ఎవరిది పట్టుకోవాలి? 1890 ప్రాంతంలో నల్లగొండలో మిషన్ పెట్టిన ఫ్రీసెన్ దొర అమెరికా బాప్టిస్టుల తరఫున వచ్చాడు, కానీ రష్యాలో స్థిరపడిన జర్మన్ మాట్లాడే మెన్నొనైట్లనే క్రైస్తవ శాఖ మనిషి. న్యాయంగా చూస్తే సూట్ ఒక్కటే సరిపోదు, మనమంతా పచ్చిపులుసు మానేసి రష్యా వాళ్ల క్యాబేజీ సూప్ తాగాలి. ఇటలీ నుంచి వచ్చి 1606లో మదురై చేరిన రాబర్టో డి నోబిలి చేసింది ఇంకా అన్యాయం. కాషాయం కట్టాడు, మాంసం మానేశాడు, గంధం పూసుకున్నాడు. తోటి పాదిరీలు మొత్తుకుంటే పంచాయితీ రోమ్ దాకా పోయి, 1623లో పోపు పదిహేనో గ్రెగొరీ జంధ్యం, పిలక, గంధం ఉండనివ్వమన్నాడు. (నోబిలి కులాన్ని కూడా ఉండనిచ్చాడు, కులం ముచ్చటకు తర్వాత వస్తా.) రోమ్‌కు లేని పట్టింపు నకిరేకల్‌కు వచ్చిందంటే మనం ఎంత ఎదిగామో చూడండి.

అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయంలో ఇదే తగాదా ఉంది. యూదులు కానివాళ్లు యూదుల ఆచారాలన్నీ పాటించాలా అని యెరూషలేములో పెద్దలు కూర్చుని, అక్కర్లేదు, నాలుగు మానుకుంటే చాలన్నారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. కాబట్టి ప్రసాదం వద్దనేవాళ్లకు ఆధారం ఉంది, ఒప్పుకుంటా. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు ఏ వచనంలో ఉందో మాత్రం మా పాస్టరుగారే చూపించాలి. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండటం మంచిది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు యేసు మీద రాసిన కీర్తనలకు రాగం, తాళం ఉన్నాయి, అవి కూడా తీసెయ్యాలి. మట్టల ఆదివారం నాడు పట్టుకునే ఈత మట్టలు గౌడన్న కల్లు గీసే చెట్టువే, అవీ బంద్.

అటువైపు, మన సంస్కృతి నాశనమైపోతోందని టెన్షన్ పడేవాళ్లను చూసినా ముచ్చటేస్తుంది. గుడి మెట్టు ఎక్కనివ్వని, దళితవాడ బతుకమ్మను ఊరి బతుకమ్మ పక్కన పెట్టనివ్వని ఇళ్లవాళ్లే ఇప్పుడు డీజే ముందు నిలబడి, మనవాళ్లు మనల్ని వదిలి పోతున్నారని కళ్లు తుడుచుకుంటున్నారు. వాడోళ్లు మనవాళ్లని వాళ్లకు బాప్తిస్మాల తర్వాతే గుర్తొచ్చినట్టుంది.

ఇక కులం ముచ్చట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు గానీ ఇతనికి మన దగ్గర దొరికేది బీసీ-సీ. అందుకే ఆధార్‌లో యాదయ్య, ఆదివారం యోహాను. అంటే సర్కారు లెక్కలో, నీళ్లలో మునిగి లేచేసరికి కులం కడుక్కుపోయింది. ఆ నీళ్లు ఏ చెరువువో చెప్తే ఊరంతటినీ ఒకసారి ముంచి తీద్దాం.

ఆ చెరువు ఎక్కడుందో సంఘ పెద్దలకూ తెలిసినట్టు లేదు. బొట్టుబిళ్లతో చర్చికి వచ్చిన కొత్త కోడలిని అందరి ముందు నిలబెట్టి కడిగేసిన పెద్దాయనే, కొడుకు సంబంధం కోసం వాట్సాప్‌లో బయోడేటా తిప్పుతున్నాడు. రక్షణ పొందిన అమ్మాయి కావాలి, మన కులం వాళ్లే అయి ఉండాలి, కట్నం ప్రభువు చిత్తం అని ఉంది. ప్రభువు చిత్తం ఎంతో ఫోన్‌లో మాట్లాడుకుందామని కింద నంబరు ఇచ్చాడు.