తంపరలో ఈతకు చోటేది?

ఆదివారం వస్తే ఒడిశాలోని మన బరంపురం వాళ్లకు గోపాల్‌పూర్ సముద్రతీరం ఉండనే ఉంది. మోకాళ్ల దాకా తడిసి, బజ్జీలు తిని వచ్చేస్తాం. ఆ అలల్లో పిల్లలకు ఈత నేర్పడం అయ్యే పని కాదు. అలలు లేని నీళ్లు ఛత్రపురం పక్కనే తంపర సరస్సులో ఉన్నాయి. సుమారు 300 హెక్టార్ల మంచినీటి సరస్సు, 2021 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందినది. అక్కడికి వెళ్లినవాళ్లు బోటెక్కుతారు, ఫొటోలు దిగుతారు. ఓ మూల ఈత కొట్టుకునే ఇసుక ఒడ్డు, దాన్ని ఆనుకుని పార్కు ఎందుకు ఉండకూడదు?

ఇసుక పరచడం తేలికే. కానీ లారీల కొద్దీ తెచ్చి పోస్తే వానలకు అదంతా సరస్సులోకే జారి పూడిక అవుతుంది. పైగా 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు బోటు జెట్టీ తప్ప శాశ్వత కట్టడం కూడదు. కాబట్టి బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు దూరంగానే కట్టాలి. అవి లేకపోతే ఆడవాళ్లు ఒడ్డునే కూర్చుని చెప్పులకు కాపలా కాస్తారు, అంతే.

నీళ్ల సంగతీ ఉంది. చుట్టూ పొలాలు కాబట్టి తొలకరికి ఎరువులు కొట్టుకొస్తాయి. స్నానపు నీటిలో 100 మిల్లీలీటర్లకు ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) 500 మించకపోతే మంచిదని, 2500 దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఆ వారం అంకె ఎంతో గేటు దగ్గర బోర్డు మీద సుద్దముక్కతో రాసినా చాలు.

అన్నిటికన్నా ముఖ్యం మనిషి కాపలా. పూరీ, గోపాల్‌పూర్ తీరాల్లో మునిగేవాళ్లను ఒడ్డుకు లాగేది నోలియాలనే కాపలా ఈతగాళ్లు. వాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే మత్స్యకారులే. సముద్రం వాళ్లకు కొట్టిన పిండి. సరస్సు వేరు: కాళ్లకు నాచు చుట్టుకుంటుంది, అడుగున బురద లాగుతుంది, మునిగేవాడు కేక కూడా వేయలేడు. అందుకని నోలియాలకూ సీపీఆర్‌తో (ఆగిన గుండెను, ఊపిరిని మళ్లీ ఆడించే ప్రథమ చికిత్స) పాటు కొత్త శిక్షణ ఇవ్వాలి, నెలజీతం ఇవ్వాలి. నడుం లోతు దగ్గర నీళ్లపై తేలే రంగు బుడ్లు కట్టిన తాడు వేయాలి. దాన్ని దాటితే ఈల ఊదాలి, ఎవరి తాలూకా అయినా సరే!

మిగతా సరస్సు వలలకు, చలికాలం పక్షులకు వదిలేయాలి. ఖర్చెక్కడిదంటారా? బోటు టికెట్ల డబ్బులోంచి ముందు నోలియాల జీతం పక్కన పెట్టండి. మిగిలితే అప్పుడు సెల్ఫీ పాయింటు సంగతి చూద్దాం.