రాయితీ సొమ్ము అసలు ఎవరి ఇంటికి చేరుతోంది?

యూరోపియన్ యూనియన్ దేశాలు వ్యవసాయ సబ్సిడీలు అందుకున్నవారి జాబితాను ఏటా మే నెలాఖరులోగా బయటపెట్టాలి. పేరు, ఊరు, ఏ పథకం కింద ఎన్ని యూరోలు ముట్టాయన్న వివరాలు ఒక్కో వరుసలో ఉంటాయి. యూనియన్ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు ఖర్చవుతున్న పద్దుకు సామాన్యుడు లెక్క అడగాలంటే దొరికే ఆధారం ఆ వరుసే.

ఆ మాత్రమైనా అడగ్గానే దక్కలేదు. బ్రిటన్‌లో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చిన 2005లో చెల్లింపుల వివరాలు వెలుగు చూశాయి. చిన్న రైతును నిలబెట్టడానికని జనం నమ్మిన డబ్బులో పెద్ద మొత్తాలు భారీ ఎస్టేట్లకూ, ఆహార పరిశ్రమకూ వెళ్లినట్టు అప్పుడే తెలిసింది. తర్వాత యూనియన్ అంతటా అందరి పేర్లూ ప్రకటించాలన్న నిబంధన రాగా, జర్మనీకి చెందిన ఇద్దరు లబ్ధిదారులు దాన్ని సవాలు చేశారు. 2010 నవంబరు 9న యూనియన్ న్యాయస్థానం వ్యక్తుల వరకు ఆ నిబంధనను కొట్టేసింది.

ఈ తీర్పును గోప్యత గెలుపుగా చూపేవారు దాన్ని సగమే చదువుతున్నారు. పన్ను సొమ్ము ఎటు పోతోందో తెలుసుకోవడం న్యాయమైన ఉద్దేశమేనని న్యాయస్థానం ఒప్పుకుంది, కంపెనీల పేర్లు ప్రకటించడాన్ని తప్పుపట్టలేదు. ఎంత మొత్తం, ఎన్నేళ్లపాటు, ఎంత తరచుగా అందిందన్న తేడా చూడకుండా వ్యక్తులందరినీ ఒకే గాటన కట్టడమే అభ్యంతరమంది. అందుకే ఇప్పుడు ఏడాదికి 1,250 యూరోలకు మించని సాయం అందుకున్న వారి పేర్లు వెల్లడించరు. ఇది సబబే. సన్నకారు రైతు రాబడి ఎంతో ఊరంతా లెక్కగట్టుకోనక్కర్లేదు. కానీ ఆ రైతు పరువును అడ్డుపెట్టుకుని లక్షల యూరోలు అందుకునేవారిని దాచమనడం మాత్రం అన్యాయం. నేరుగా ఇచ్చే సాయంలో దాదాపు 80 శాతం 20 శాతం మందికే చేరుతోందని యూరోపియన్ కమిషన్ లెక్కలే చెబుతున్నాయి.

అసలు చిక్కు మరోచోట ఉంది. వరుసలో కంపెనీ పేరు కనిపిస్తుంది, కంపెనీ వెనుక మనిషి కనిపించడు. ఒకే కుటుంబం నాలుగు సంస్థలు పెడితే నాలుగు మామూలు మొత్తాలు కనిపిస్తాయే తప్ప ఒక పెద్ద మొత్తం కనిపించదు. అమెరికాలో వ్యవసాయ సబ్సిడీకి ఒక్కొక్కరికి వార్షిక పరిమితి ఉన్నా, సాధారణ భాగస్వామ్య సంస్థల్లో అర్హుడైన ప్రతి భాగస్వామికీ ఆ పరిమితి విడిగా వర్తిస్తుంది. అంటే, భాగస్వాములెవరో తెలియకపోతే పరిమితి ఉన్నట్టా లేనట్టా అన్నది బయటివారు తేల్చుకోలేరు.

ఇది కాగితాల మీది చర్చ కాదు. స్లొవాకియాలో 2018 ఫిబ్రవరిలో యాన్ కుచియాక్ అనే యువ పాత్రికేయుడిని, ఆయనకు కాబోయే భార్యను వారి ఇంట్లోనే కాల్చి చంపారు. ఆయన పూర్తిచేయలేకపోయిన చివరి కథనం ఇటలీ మాఫియాతో సంబంధాలున్నవారు తూర్పు స్లొవాకియాలో యూరోపియన్ వ్యవసాయ నిధులు ఎలా పొందుతున్నారన్న దాని గురించే. ఏ సంస్థ ఎవరిదో ఒక మనిషి విడివిడి రికార్డుల్లోంచి కూర్చుకోవాల్సి వచ్చింది. యజమాని పేరు చెల్లింపు పక్కనే ఉండాల్సింది.

జాబితా ఆయుష్షూ అంతే ముఖ్యం. ప్రకటించిన వివరాలు అధికారిక వెబ్‌సైట్లో రెండేళ్లే ఉండాలన్నది నియమం. బడ్జెట్ మాత్రం ఏడేళ్లకోసారి ఖరారవుతుంది. కొత్త బడ్జెట్‌పై చర్చ మొదలయ్యేనాటికి పాత బడ్జెట్ తొలి ఏళ్లలో ఎవరు ఎంత తీసుకున్నారో చూపే పేజీలు అక్కడ ఉండవు. ఎవరో ముందుచూపుతో దింపుకుని దాచిన నకళ్లే దిక్కు. కనీసం బడ్జెట్ కాలమంతా, ఆపై తనిఖీలు ముగిసేదాకా ఆ వివరాలను ఉంచే బాధ్యత డబ్బు పంచిన ప్రభుత్వాలదే.