పీట మీద కూర్చోబెట్టిన గోదావరి

సంక్రాంతి సంబరాల్లో ఇక్కడి మన తెలుగు సంఘం పెట్టిన రీల్స్ పోటీలో మొదటి బహుమతి నాదే. ఆ రోజు హైస్కూల్ కాఫెటేరియాలో పులిహోర లైన్లో నిలబడ్డవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నేనే చెప్పాను. ఆ లైన్లోనే నాకు చురక కూడా తగిలింది.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఒకావిడ గురించి చేసిన 40 సెకన్ల రీల్ అది. "అసలు సిసలు గోదావరి జిల్లా అంటే ఇదీ" అని జడ్జిగారు మైకులో అన్నారు. రావులపాలెం నుంచి కూతురి దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడ మాత్రం, ప్లేట్లో గారె వేయించుకుంటూ నన్ను పిలిచారు. "బాగానే తీశావు బాబూ. కానీ ఆవిడ పీట మీద కూర్చుందేంటి? కుండ అంత ఎత్తులో ఉంటే చెయ్యెలా అందుద్ది? ఎవరు కూర్చోబెట్టారలాగ?"

కూర్చోబెట్టింది నేనే.

డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు మా వదిన నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. మేం వెళ్ళేసరికి ఆవిడ ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని, చీర మీద మగాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని పని చేసుకుంటున్నారు. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట. జావలా పల్చగా ఉన్న బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తున్నారు. రెప్ప వేసేలోపు రేకు తయారు. చొక్కా ఎందుకంటే సెగకి చేతులు కమిలిపోకుండా.

ఆ చొక్కా నాకు నచ్చలేదు. పల్లెటూరిలా లేదని తీయించాను. స్టూల్ తీయించి పీట వేయించాను. ప్లాస్టిక్ బేసిన్ పక్కన పెట్టించి, వదిన చేత ఎవరింటి నుంచో ఇత్తడి గిన్నె తెప్పించాను. "కొంచెం నెమ్మదిగా తియ్యండమ్మా, ఫోన్లో సరిగా పడట్లేదు" అన్నాను. "నెమ్మదిగా తీస్తే మాడిపోద్ది బాబూ" అన్నారు. అన్నట్టే మూడు మాడాయి. నాలుగోది రీల్లోకెక్కింది. దాని కింద నేను రాసుకున్న మాట: "నో ఫిల్టర్. మా గోదారి."

ఇంటికొచ్చినవాడు అడిగితే కాదనలేరు మావాళ్ళు. ఆ మొహమాటాన్నే మర్యాద అని మనం ఇక్కడ స్టేజీల మీద పొగుడుకుంటాం. నేను దాన్ని వాడుకున్నాను.

నలుగురి కళ్ళలో పడాలనుకోవడం తప్పని నేననను. కోనసీమవాడికి ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది? కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, వెదురుతో ఎత్తుగా కట్టి రంగురంగులుగా అలంకరించిన ప్రభల మీద తరలివస్తారు. భక్తి ఉంది, కాదనను. మా ప్రభ ఎత్తెంత, మీ ప్రభ రంగులేంటి అన్న పంతమూ ఉంది. గంగలకుర్రు వాళ్ళు ప్రభని భుజాలకెత్తుకుని, వరిచేలకి అడ్డంపడి, కౌశిక కాలువలో దిగి ఒడ్డెక్కిస్తుంటే చూడ్డానికి జనం విరగబడతారు. పూతరేకుల సంగతీ అంతే. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొరియర్లో దేశాలు దాటుతున్నాయి. చూపించకపోతే ఎవరు కొంటారు?

కానీ ప్రభ మోసేవాడి భుజం మీద ఆ బరువు నిజంగా ఉంటుంది. నా రీల్లో బరువంతా ఆవిడ మోకాళ్ళ మీద పడింది.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. రీల్ కింద చాలామంది "ఆర్డర్ ఎలా ఇవ్వాలండీ, నంబరు పెట్టండి" అని అడిగారు. ప్రతి కామెంటుకీ జవాబిస్తే రీల్ ఇంకా నలుగురికి వెళ్తుందని ఎవరో చెప్పగా విన్నాను. అందుకని ఒక్కరినీ వదలకుండా దండం బొమ్మ పెట్టాను. ఆవిడ నంబరు నా దగ్గరుంటే కదా పెట్టడానికి! అడగాలని కూడా తోచలేదు. పూతరేకులు తినాలని అడిగినవాళ్ళకి దండం, పూతరేకులు అమ్ముకునే ఆవిడకి సున్నా.

కల్చరల్ కమిటీ వారూ, ఉగాదికి మళ్ళీ పోటీ పెడతారని విన్నాను. తప్పకుండా పెట్టండి. పిల్లలు పాల్గొనాలి, అమ్మమ్మల్ని ఫోన్ల ముందు కూర్చోబెట్టాలి. అయితే ఒక్క నిబంధన చేర్చండి. పని చేసేవాళ్ళు ఎలా ఉంటే అలాగే, వాళ్ళ గొంతుతోనే రావాలి. చొక్కా ఉంటే చొక్కా, స్టూల్ ఉంటే స్టూల్. లైకులు చూసి మార్కులు వేయకండి. కింద అడిగినవాళ్ళకి ఏం జవాబిచ్చారో చూసి వేయండి. నా బహుమతి వెనక్కి తీసుకుంటామన్నా నాకు అభ్యంతరం లేదు, కాకపోతే గిఫ్ట్ కార్డు మా ఆవిడ అప్పుడే వాడేసింది.

మొన్న వదినకి ఫోన్ చేసి, మళ్ళీ ఒకసారి వెళ్ళమని బతిమాలాను. నంబరు అడగమన్నాను, వీడియోలో పెట్టవచ్చో లేదో కూడా అడగమన్నాను. ఈసారి ఏదీ కదపొద్దని, ఆవిడ మాట్లాడుతూ పని చేసుకుంటుంటే అలాగే తీయమని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారట.

"ఎప్పుడొస్తారో ముందు చెప్పండమ్మా, చొక్కా ఉతికి ఏసుకుంటాను" అన్నారట.